పోయినోళ్ళ పుస్తకం

ఒక్క పేరునూ మరచిపోని దేవునికి ముందుగా స్తోత్రం. మనుషులం తప్పుగా చదివిన పేరును ఆయన సరిగా చదువుతాడు, మనం మూసిన తలుపును వేరొకరి చేతితో తెరిపిస్తాడు. ఆయనను తలచుకున్న తర్వాతే ఈ సంగతి రాయడం నాకు క్షేమం. ఎందుకంటే ఇందులో నేను గొప్పగా చెప్పుకోదగింది ఏమీ లేదు.

2023 వానకాలం. వనపర్తిలో ఒక ట్రస్టు నడిపే చిన్న గ్రంథాలయంలో నేను క్యాటలాగర్‌ని. పుస్తకం పేరు, రాసినవారు, విషయం, అది ఏ అరలో ఉంది అన్న వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఆ వివరాలను మెటాడేటా అంటాం. ఆ ఏడాది మా క్యాటలాగ్‌ను ఓపాక్‌గా మార్చాం. అంటే పాఠకులు ఇంటి దగ్గర కూర్చొని ఫోన్‌లోనే మా పుస్తకాలను వెతుక్కోవచ్చు. గూగుల్‌లో వెతికినా మా రికార్డులు కనబడేలా చేశాం.

కొత్తగా ఎక్కించిన వాటిలో గట్టు మండలంలోని ఒక పల్లెలో ముప్పై ఏళ్ళు పనిచేసిన బడిపంతులు గారి పుస్తకాలున్నాయి. ఆయన చనిపోయాక కొడుకు రెండు ఇనుప పెట్టెల్లో తెచ్చి ఇచ్చాడు. వాటిలో పొడుగాటి నోటుపుస్తకాలు పదకొండు. అట్ట మీద ఆయన చేతిరాత: ‘విద్యార్థుల నిష్క్రమణ వివరములు’. నేను అదే పేరును అక్షరం పొల్లుపోకుండా ఎక్కించి, సబ్జెక్ట్ హెడింగ్ దగ్గర ‘పాఠశాల రికార్డులు’ అని రాసి పక్కన పెట్టాను. లోపల ఒక పేజీ చూశానేమో. అంతకు మించి చూడలేదు.

ఓపాక్‌లో జీరో రిజల్ట్ లాగ్ అని ఒకటుంటుంది. ఎవరు వెతికారో అది చెప్పదు. ఏ మాటతో వెతికి, ఏమీ దొరకక వెళ్ళిపోయారో, ఏ వేళకు వెతికారో చెబుతుంది. ప్రతి సోమవారం పొద్దున ప్రార్థన చేసుకొని నేను మొదట తెరిచేది దాన్నే. జూలైలో ఒక సోమవారం అందులో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనబడింది.

పోయినోళ్ళ పుస్తకం. పోయినోల్ల బుక్కు. సారు పోయినోళ్ళ పుస్తకం గట్టు. ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో కూడా. ప్రతిరోజూ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, రెండు కాకముందే.

మా అటెండర్ నర్సింలును పిలిచి చూపించాను. అతను కళ్ళజోడు పైకి తోసుకొని చదివాడు.

“పోయినోళ్ళంటే సచ్చినోళ్ళే గద మేడం. వాళ్ళ పుస్తకంతోటి ఎవ్వరికి పనుంటది? అయితే మంత్రాలోళ్ళకు, లేకుంటే భూములోళ్ళకు.”

“భూములోళ్ళకు ఎందుకు?”

“సచ్చినోడు లేచొచ్చి ఇది నాదని అనడు గద.”

అతను నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. అంతకు ముందు ఏడాది తెల్లచొక్కా వేసుకున్న ఒకతను మా కౌంటర్ దగ్గరకొచ్చి, పాత మరణాల రిజిస్టర్లు ఉన్నాయా అని అడిగాడు. ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు. లేవన్నాను. అతను వెళ్ళిపోయాక కూడా చాలా రోజులు నాకు అనుమానం పోలేదు. ఇప్పుడు అతనే ఫోన్‌లో వెతుకుతున్నాడా అనిపించింది.

వెతికేవాళ్ళు గట్టు పేరు రాశారు, సారు అని రాశారు. అందుకని ఆ పంతులు గారి నోటుపుస్తకాలను మళ్ళీ తీశాను. ఈసారి పేజీలు తిప్పాను. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తరగతి, నెల, ఒక మేస్త్రి పేరు, ఒక ఊరి పేరు, చివరన రిమార్కుల గడి. కొన్ని పేర్ల పక్కన ఎర్ర సిరాతో శిలువ గుర్తు.

నా చేయి అక్కడే ఆగింది. మాది ఉప్పునుంతల దగ్గర ఊరు. మా నాన్న అక్కడి చర్చిలో సంఘ పెద్ద. సంఘంలో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే సమాధుల రిజిస్టరులో పేరు రాసి, పక్కన శిలువ గుర్తు పెట్టేవాడు. ఆయన చేయి వణకడం మొదలయ్యాక ఆ గుర్తులు స్కేలు పెట్టి నేనే గీసేదాన్ని. ఆ గుర్తు నాకు ఒక్కటే చెబుతుంది. ఒక్క బడిలో ఇంతమంది పిల్లలా? ఏ పనిచోట గోడ కూలిందో, ఏ జ్వరం వచ్చిందో అనుకున్నాను. వాళ్ళు వెతుకుతున్న చనిపోయినవాళ్ళ పుస్తకం ఇదేనని తేల్చుకున్నాను.

ఆ సాయంత్రమే రికార్డును సప్రెస్ చేశాను. అంటే పుస్తకం మా దగ్గర ఉంటుంది, క్యాటలాగ్‌లోనూ ఉంటుంది, బయటివాళ్ళు ఎంత వెతికినా కనబడదు. ఒక చిన్న గడిలో టిక్కు పెడితే చాలు. నోటుపుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేశాను. ప్రార్థన చేయలేదా అంటే చేశాను. కానీ జవాబు ముందే నా దగ్గర పెట్టుకొని చేశాను.

వెతకడం మాత్రం ఆగలేదు. ప్రతి సోమవారం లాగ్‌లో అవే మాటలు, అదే ఒంటిగంట వేళ. వాళ్ళు పట్టు వదలని కొద్దీ నా అనుమానం గట్టిపడింది.

ఆగస్టులో ఒకరోజు పదకొండు గంటలకు నర్సింలు నా బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

“పోయినోళ్ళ పుస్తకం కావాల్నని వచ్చిండ్రు మేడం. ఒక్కామెనే. మంత్రాలామె లెక్కయితే లేదు. టిఫిన్ డబ్బ తెచ్చుకున్నది.”

నలభై దాటిన మనిషి. చేతివేళ్ళకు పత్తిపూల పుప్పొడి పట్టి పచ్చగా ఉన్నాయి. పేరు జమ్ములమ్మ. గట్టు నుంచి గద్వాలకు, అక్కడి నుంచి పెబ్బేరు మీదుగా వనపర్తికి, బస్సులు మారి వచ్చింది.

“ఎవరు పంపారు మిమ్మల్ని?” అన్నాను.

“ఎవ్వరు పంపుతరు? సారు పుస్తకాలు ఈడ ఇచ్చిండ్రని తెల్సి నేనే వచ్చిన.”

“ఆ పుస్తకంతో మీకేం పని?”

“సూడాలె.”

“ఏం చూడాలి?”

“మా అన్న పేరు.”

ఆధార్ కార్డు అడిగాను. ఇచ్చింది. జిరాక్స్ తీయించాను. పంతులు గారి కొడుక్కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. అతనితో మాట్లాడేదాకా ఏమీ చూపించలేనని చెప్పి ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆమె సరేనంది. రెండు గంటలు కూర్చుంది. ఒంటిగంటకు డబ్బా విప్పి తిన్నది. చేయి కడుక్కొని, ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకొని స్పష్టంగా పలికింది.

“పోయినోళ్ళ పుస్తకం.”

నా ముందున్న తెర మీద లాగ్‌ను మళ్ళీ తెరిచాను. లాగ్‌లో కొత్త వరుస చేరింది. ఆ మాటే. ఆ నిమిషమే.

“రోజు గిట్లనే అడుగుతరా?” అన్నాను.

“మీ లైబ్రరీది ఫోన్ల పెట్టిచ్చి మా బిడ్డ నేర్పించింది. గద్వాలల డిగ్రీ సదువుతది. నాకు రాసుడు సరిగ రాదు గని మాట్లాడితే ఫోనే రాసుకుంటదంట. చేన్ల బువ్వ తిన్నంక రోజు అడుగుత. లేదంటది. ఈడికొచ్చినంక గూడ లేదనే అంటుంది.”

ఇన్ని రోజులు నేను తెల్లచొక్కా మనిషిని ఊహించుకున్నాను. ఇది పత్తిచేలో గట్టు మీద కూర్చొని, అన్నం తిన్న తర్వాత ఒకామె అడిగిన మాట. అయినా నా అనుమానం పూర్తిగా వదలలేదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను.

“మీ అన్న పేరు మీద భూమి ఉందా?”

“మాకు భూమి ఏడిది మేడం? పక్కోళ్ళ సీడ్ పత్తిల క్రాసింగ్ చేస్త.” క్రాసింగ్ అంటే మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేత్తో అద్దే పని. దినమంతా ఎండలో నిలబడి చేయాలి. “మా అన్న తిమ్మప్ప. పదేండ్లప్పుడు మా మేనత్తోళ్ళ గుంపుల పూనా దిక్కు పోయిండు. నన్ను అమ్మ నాయన బొంబాయి దిక్కు తీస్కపోయిండ్రు. మేమొచ్చినం. వాడు రాలే. పూనాల తప్పిపోయిండని అత్త చెప్పింది. ముప్పై ఏండ్లు దాటింది. నాయన గూడ లేడు. ఇప్పుడు మా బిడ్డకు లగ్గం అనుకుంటున్నం. మా చిన్నాయన ఏమంటుండంటే, వాడు బత్కి లేడు, వచ్చే అమాసకు వాని దినాలు చేసి, ఇంట్ల మంచిపని చేసుకుందమని. అమ్మ ఒప్పుకోదు. ముద్ద ముట్టదు. పుస్తకంల ఏమున్నదో సూస్తే నేను గూడ ఏదో ఒకటి అంట గద.”

అమావాస్యకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

బీరువా తీశాను. ఆ సంవత్సరం నోటుపుస్తకంలో తిమ్మప్ప పేరు వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. తిమ్మప్ప, తండ్రి ఈరన్న, నాలుగో తరగతి. పక్కన ఎర్రటి శిలువ గుర్తు. మా సంఘంలో ఇలాంటి కబురు చెప్పాల్సి వస్తే ముందు చేయి పట్టుకుంటాం. నేనూ ఆమె చేయి పట్టుకున్నాను.

“అమ్మా, మీ అన్న పోయిండు.”

“పోయిండు. అది నాకు తెల్సు. ఏడికి పోయిండు?”

“అట్లా కాదమ్మా. దేవుని దగ్గరికి పోయిండు.”

ఆమె చేయి విడిపించుకొని పుస్తకాన్ని తనవైపు తిప్పుకుంది. ఏడవలేదు. ఐదో తరగతి దాకా చదివిందట. ఒక్కొక్క వరుసనూ వేలితో తడుముతూ కిందికి వచ్చింది. ఒక చోట వేలు ఆగింది.

“మీరు ఈ గుర్తు సూసి చెప్తున్నరా?”

“అవును.”

“గీడ సూడున్రి. జమ్ములమ్మ, తండ్రి ఈరన్న, ఒకటో తరగతి. ఇది నేనే. నా పక్కన గూడ ఉంది గుర్తు. నేను సచ్చిపోయిన్నా మేడం?”

వెనక నిలబడ్డ నర్సింలు అన్నాడు, “బువ్వ తిన్నది గద మేడం, నేను సూసిన.”

జమ్ములమ్మ అతని వైపు చూసి, ఆ రోజు మొదటిసారి నవ్వింది. తర్వాత నాకు చెప్పింది. “ఇది కూడిక గుర్తు. లెక్కల పెడ్తరు సూడు, అది. పనికి పోయి మల్ల బడికి వచ్చినోళ్ళకు సారు ఎర్ర పెన్నుతోటి పెడుతుండె. మా ముందర్నే పెట్టి, ‘ఇగో, బడికి ఒకరు కూడిండ్రు’ అంటుండె. పోయినోళ్ళంటే బత్కపోయినోళ్ళు. సచ్చినోళ్ళని మీకెవరు చెప్పిండ్రు?”

ఎవరూ చెప్పలేదు. మా ఊళ్ళోనూ కూలికి దేశం పోయేవాళ్ళను బత్కపోయిండ్రు అనేవాళ్ళు. మా అమ్మానాన్నలు కూడా అలా పోయినవాళ్ళే. నన్ను మిషన్ హాస్టల్‌లో వేశారు. అక్కడ నేను ‘వలస’ అనే మాట నేర్చుకొని, మా ఇంటి మాటను వదిలేశాను. సంఘంలో పోయిండు అంటే ఒకటే అర్థం. అదే మాటను, అదే గుర్తును వేరొకరి పుస్తకంలో చూసి, వాళ్ళది కూడా నా అర్థమేనని అనుకున్నాను.

అప్పుడు జమ్ములమ్మ ముఖం మారింది. తిమ్మప్ప పేరు మీద మళ్ళీ వేలు పెట్టింది.

“అయితే మా అన్న వచ్చిండా? బడికి వచ్చిండా?”

పేజీ తిప్పాను. మూడు నెలల తర్వాతి వరుసల్లో మళ్ళీ అదే పేరు. తిమ్మప్ప, తండ్రి ఈరన్న. ఈసారి మేస్త్రి వేరు, ఊరు వేరు. కర్ణాటకలోని సిరుగుప్ప దిక్కు కాలువ పని. పక్కన కూడిక గుర్తు లేదు. రిమార్కుల గడిలో సారు చేతిరాత. నేను పైకి చదివాను.

“తల్లిదండ్రులను వెదకుచు వెళ్ళినాడు. వలదంటిని. వినలేదు.”

దాని కింద వేరే సిరాతో మరో రెండు ముక్కలు. “తండ్రికి తెలిపితిని. తల్లికి చెప్పవద్దని వేడుకొన్నాడు.”

రెండు వరుసలనూ కలిపి చూసుకున్నాం. పిల్లవాడు పూనా నుంచి ఎలాగో ఊరికి చేరుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. అమ్మానాన్నలను వెతకడానికి ఎవరో చెప్పిన దిక్కుకు వెళ్ళాడు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి అతను లేడు. తమను వెతుకుతూనే పోయాడని తెలిస్తే తల్లి తట్టుకోదని తండ్రి దాచాడేమో.

“నాయన యేడాదికొక్కసారి సిరుగుప్ప దిక్కు పోతుండె,” అంది జమ్ములమ్మ. “వరి కోతలకని చెప్తుండె. ఒక్కడే పోతుండె. కోతలకు ఒక్కడే పోయెటోడు ఎవ్వడన్న ఉంటడా అని అమ్మ కొట్లాడుతుండె. ఇంకెవరినో పెట్టుకున్నడని అనుమానం ఆమెకు.”

ఆయన కొడుకును వెతకడానికి పోయాడని తెలిసి, ఆ మాట దగ్గర ఆమె ఏడ్చింది. ఇంటి ముంగిట ఆ అనుమానం ఎన్నేళ్ళు తిరిగిందో నాకు తెలియదు. నా అనుమానం ఆరు వారాలది. అంతలోనే ఒక మనిషిని బతికుండగా సమాధి చేయబోయాను. క్షమించమని అడిగాను. “మీరు గూడ పరేషాన్ అయిండ్రు గద, పోనియ్యున్రి,” అంది.

ఆమె ఆ సాయంత్రం ఊరికి వెళ్ళి, అన్న ఒకసారి తిరిగి వచ్చాడని, పుస్తకంలో ఉందని పెద్దల ముందు చెప్పింది. దినాలు ఆగిపోయాయి. లగ్గం దినాలతో పని లేకుండానే కుదిరింది. తల్లి ఆ రోజు అన్నం తిన్నదని మర్నాడు ఫోన్ చేసి చెప్పింది.

ఇక నా పని. సప్రెస్ టిక్కు తీసేశాను. అసలు పేరు అలాగే ఉంచి, వేరియంట్ టైటిల్ అనే గడిలో ‘పోయినోళ్ళ పుస్తకం’ అని చేర్చాను. ఒకే పుస్తకాన్ని జనం పిలిచే వేరే పేర్లు రాసే చోటు అది. అప్పటిదాకా మా క్యాటలాగ్‌లో ఆ గడి దాదాపు అంతా ఖాళీగా ఉండేది. విషయం దగ్గర వలస, బత్కపోవుడు రెండూ రాశాను. పదకొండు నోటుపుస్తకాల్లోని పిల్లల పేర్లు, వెళ్ళిన ఊర్లు తెలుగులో, ఇంగ్లీషు అక్షరాల్లో, సరిహద్దు అవతలికి వెళ్ళినవాళ్ళ కోసం కన్నడంలో ఎక్కించాను. గద్వాలలో కన్నడం చదివిన ఒక టీచరమ్మ అక్షరాలు సరిచూసి పెట్టింది.

రిమార్కుల గడిని మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టలేదు. అది జమ్ములమ్మ మాట. “పేర్లు పెట్టున్రి. నాయన సంగతి పెట్టకున్రి. అమ్మ ఫోన్ సూడదు గని, సూసెటోళ్ళు చెప్తరు.” నాకూ అదే మంచిదనిపించింది. అతని కోసం చూస్తున్న కుటుంబం ఉందని తెలిస్తే, అబద్ధంతో వచ్చేవాళ్ళూ ఉంటారు. అందరికీ తెలియని ముక్క ఒకటి నా దగ్గర ఉంటే, వచ్చినవాణ్ణి పరీక్షించవచ్చు.

నేను అనుకున్నట్టే మరుసటి ఏడాది ఒకతను ఫోన్ చేశాడు. “నేనే తిమ్మప్పను,” అన్నాడు. రెండో మాటే “ఇంట్ల నాకు వాటా ఏమన్న ఉన్నదా?” అని. ఊరికి తిరిగొచ్చి మళ్ళీ ఎందుకు వెళ్ళావని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

పోయిన నెల ఇంకొకతను చేశాడు, హోస్పేట నుంచి. మాటలో సగం కన్నడం ఉంది. తన కూతురు కాలేజీలో ఏదో వెతుకుతుంటే, కన్నడ అక్షరాల్లో తన పేరు, తండ్రి పేరు, గట్టు పేరు కలిసి కనబడ్డాయట.

“అక్కా, ఆ బుక్కుల ఉన్న తిమ్మప్ప నేనే అనిపిస్తది,” అన్నాడు.

అనిపిస్తది అన్నాడు. నేనే అని తేల్చి అనలేదు. ఆ మాటకు నా అనుమానం కొంచెం మెత్తబడింది. అయినా అదే ప్రశ్న అడిగాను.

“ఇంటికి తాళం ఉండె. బడికి పోతి. అమ్మ నాయనను ఎత్కనీకె పోత అంటే సారు వద్దనె. నేను పోతి. సారు చెప్పులు ఇచ్చె. దొడ్డవి. దారిల ఒకటి పోయె.”

వెతకడానికి వెళ్ళిన మాట రిమార్కుల గడిలో ఉంది. చెప్పుల మాట లేదు. అది తెలిసిన సారు ఇప్పుడు లేడు. వెంటనే జమ్ములమ్మకు ఫోన్ చేసి, అన్న అమ్మానాన్నలను వెతకడానికే మళ్ళీ వెళ్ళిన సంగతి ఎవరికైనా చెప్పారా అని అడిగాను.

“పత్తి చేన్ల అందరికి చెప్పిన మేడం. నాయన ముచ్చట ఒక్కటే చెప్పలే. గంత సంగతి కడుపుల పెట్టుకొని ఎట్లుంట?”

అంటే నా పరీక్షకు విలువ పోయింది. ఆ మాట నోటినుంచి నోటికి పోయి ఎవరి చెవినైనా పడి ఉండవచ్చు. అతను నిజమో కాదో చెప్పే కాగితం నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. నా భయం ఆమెతో చెప్పాను. మోసం కావచ్చు, జాగ్రత్త అన్నాను.

“మీరు జర ఇడ్సిపెట్టున్రి మేడం,” అంది నెమ్మదిగా. “ఈడిదాంక మీరు తెచ్చిండ్రు. ఇంక మేం సూస్తం.”

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఆమె చెప్పిన ఆ ముక్కే. మా క్యాటలాగ్, మా మెటాడేటా, మా సెర్చ్, ఇవన్నీ మనిషిని గుమ్మం దాకా తేగలవు. గుర్తుపట్టడం వాటి పని కాదు. గుమ్మం దాకా తేవాలన్నా, ఆ వస్తువును ఇంట్లోవాళ్ళు ఏమని పిలుస్తారో ముందు వాళ్ళనే అడగాలి. ఇప్పుడు కొత్తగా పుస్తకాలు ఎవరు తెచ్చినా, దీన్ని మీ ఊళ్ళో ఏమంటారు అని అడుగుతాను. అర్థం కాని గుర్తు కనిపిస్తే, ఇది ఏంది అని అడుగుతాను. అనుమానం నన్ను వదిలిపోలేదు. అది నా స్వభావం. కానీ అడగకముందు దాన్ని నా బల్ల మీద కూర్చోనివ్వను.

వచ్చే ఆదివారం జమ్ములమ్మ తల్లిని తీసుకొని హోస్పేటకు పోతోంది. ఎందుకు పోతున్నారో తల్లికి చెప్పలేదు. కండ్ల దవాఖానకని చెప్పిందట. అతను కాకపోతే ఆమె ఇంకోసారి కుంగిపోకూడదని.

చదివిన మీరు ఏ సంఘంలో కూర్చున్నా, ఏ గుడిలో మొక్కినా, ఆ ఆదివారం కాసేపు నాతోపాటు మోకరించండి. అతను ఆమె కొడుకే అయితే, ఆ తల్లి మసక కండ్లకు అతని ముఖం తెలిసేలా అడుగుదాం. కాకపోతే, ఆమెకు ఏమీ తెలియకుండానే చేయి పట్టి ఇంటికి చేర్చమని, ఆ మనిషిని వెతికేవాళ్ళు ఎక్కడున్నా అతన్ని వాళ్ళ దగ్గరికి నడిపించమని అడుగుదాం. ప్రభువా, మాకు తెలియనిది నీకు తెలుసు. నీ చిత్తమే జరుగును గాక. ఆమేన్ అనడం మీ వంతు.